బల్ల కింద మనిషి

ముందు ఆమె గొంతు గురించి చెప్పుకోవాలి, లేకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు. ఆ లాండ్రీలో ఉతికే యంత్రాలన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కనున్న మనిషి తుమ్మినా వినపడదు. అలాంటి హాల్లో ఈ చివర నిలబడి ఆమె "టీ వచ్చిందర్రా!" అని ఒక్క కేక వేస్తే, ఆ చివర ఇస్త్రీ రోలరు దగ్గరున్నవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయల్దేరేవారు. అలా మైకక్క అయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. మొగుడు బడిపిల్లల వ్యాను నడుపుతాడు. ఆయన మాత్రం "లీడరమ్మా" అంటాడు. అది సగం ఎగతాళి, సగం గర్వం. ఏ సగం ఎప్పుడు బయటికొస్తుందో ఆయనకే తెలియదు.

లీడరన్న మాట ఉత్తుత్తిది కాదు. పనివాళ్ళ సంఘానికి ఆమె కార్యదర్శి. "సంజాయిషీ అడక్కుండా మనిషిని తీసేయడానికి వీల్లేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఎంతమందిని మళ్ళీ పనిలో నిలబెట్టిందో. చివరికి ఆమె మేనేజరు గదిలోకి వచ్చి "సంజాయిషీ" అనగానే, మిగతాది ఆయనే పూర్తిచేసి "తెలుసమ్మా, ముందు కూర్చో" అనేవాడు.

అది ఇళ్ళలో బట్టలుతికే చోటు కాదు. హోటళ్ళవీ ఆసుపత్రులవీ దుప్పట్లు బండ్ల కొద్దీ వస్తాయి. వేరుచేసేవాళ్ళు కొందరు, యంత్రాల్లో వేసేవాళ్ళు కొందరు, ఆవిరితో కాగే రోలరు మీదికి ఎక్కించేవాళ్ళు కొందరు. చివర మడత బల్ల. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడతపడదు. ఇద్దరు చెరో రెండు కొసలు పట్టుకుని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అందుకని మడత బల్ల దగ్గర మనుషులు ఎప్పుడూ జతలుగానే ఉంటారు. ఒకసారి జత కుదిరిందంటే ఏళ్ళ తరబడి మారదు.

మైకక్క జత పిన్ని. ఆవిడ ఎవరికీ ఏమీ కాదు, అయినా అందరికీ పిన్నే. ఊదితే ఎగిరిపోయేలా ఉండేది గానీ, దుప్పటి కొస చేతిలో పడిందంటే అవతలివాళ్ళ భుజం ఊడొచ్చేది. "ఏమే, అరవడానికేనా బలం? పట్టుకోవడానికి లేదా?" అని గొణిగేది. మైకక్క ఎంత అరిస్తే పిన్ని అంత గొణిగేది. పిన్నికి ఒక్కతే కూతురు. అదే హాల్లో రోలరు దగ్గర పనిచేస్తుంది. ఇద్దరి మధ్యా ఏదైనా తగువొస్తే తీర్పు చెప్పాల్సింది మైకక్కే.

ఒక మధ్యాహ్నం రోలరుకి వెళ్ళే ఆవిరి గొట్టం ముందు తలుపు పక్కనే పగిలింది. చూస్తుండగానే హాలంతా తెల్లబడిపోయింది. ముందువైపున్నవాళ్ళు కాలిన చేతులతో ఎలాగో బయటపడ్డారు. పిన్ని కూతురు ఆ రోజు సెలవులో ఉంది. ఆ పూట వెనకవైపున్న మైకక్కకీ పిన్నికీ మిగిలింది వెనక తలుపు ఒక్కటే. బయటివాళ్ళు వచ్చి ఆ తలుపు బద్దలుకొట్టేసరికి పిన్ని దానికి ఆనుకుని పడి ఉంది. ఆసుపత్రిలో కన్నుమూసింది. మైకక్కని మడత బల్ల కింద, తడి దుప్పట్ల కుప్పలోంచి బయటికి లాగారు.

వెనక తలుపుకి తాళం లేదు, ఉత్త గడియే ఉంది, కంగారులో వాళ్ళు తీసుకోలేకపోయారు అంది యాజమాన్యం. దుప్పట్లు పోతాయని ఆ తలుపుకి లోపలి నుంచి తాళం వేసే అలవాటుందని హాల్లో ప్రతి మనిషికీ తెలుసు. కానీ అలవాటు ఉందనడం వేరు, ఆ రోజు ఆ తలుపుకి తాళం ఉండగా కళ్ళారా చూశాననడం వేరు. తలుపు విరిచిన హడావుడిలో తాళం మాయమైంది. విచారణ అధికారిని వేశారు. దుప్పటికి ఉన్నపాటి జాగ్రత్త మనిషికి లేని చోట, ఆ సంగతి రుజువు చేసే బరువు కూడా చచ్చినవాళ్ళ వైపే పడుతుంది. వెనకవైపు నుంచి బతికి బయటపడిన మనిషి మైకక్క ఒక్కతే. సంఘమంతా ఆమె మీదే ఆశ పెట్టుకుంది. గొంతున్న మనిషి, భయం లేని మనిషి, ఇంకేం కావాలి?

"పాపం, స్పృహ తప్పి బల్ల కిందికి పడిపోయింది" అని అందరూ అనుకున్నారు. ఆమె అనుకోనిచ్చింది. నిజానికి ఆమె పడిపోలేదు. దూరింది. అక్కడి నుంచి తాళాన్ని చూసింది. పిన్ని తనని పిలవడం వింది. కదల్లేదు.

తాళం చూశానని చెప్పాలంటే ఎక్కడి నుంచి చూసిందో చెప్పాలి. అది చెప్పాలంటే పిన్ని కూతురు వినాలి. సంఘం ఆఫీసులో ఏం చెప్పాలో సరిచూసుకుంటున్నప్పుడు గొట్టం పగలడం దాకా గడగడా చెప్పేది. "వెనక తలుపు దగ్గర..." అనగానే గొంతు ఆగిపోయేది. ఏడుపు కాదు, దగ్గు కాదు, కరెంటు పోయినట్టు ఆగిపోయేది. నీళ్ళిచ్చేవారు. తాగేది. మళ్ళీ "వెనక తలుపు..." అంతే.

"నువ్వు మాట్లాడకుండా ఉంటే ఇంట్లో ఏదో పాడైనట్టుంది, పద ఆసుపత్రికి" అన్నాడు మొగుడు. ఒక రోజు పిల్లలని బడిలో దింపేసి ఆమెని వ్యానులో ఎక్కించాడు. చిన్నపిల్లల సీట్లు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆమె అలా నోరు మూసుకుని కూర్చోవడం చూసి ఆయనకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

కాలిన చేతులకి కట్లు కట్టించిన యాజమాన్యం దీన్ని దెబ్బ కింద లెక్కవేయలేదు. పెద్దాసుపత్రిలో ఇలాంటి దెబ్బలు చూసేది ఒకే ఒక్క కౌన్సెలరు. ఆమె గదికి సొంత బోర్డు కూడా లేదు. ఒకప్పుడు పళ్ళ డాక్టరుది కావడంతో గోడ మీద దవడ బొమ్మ అలాగే ఉండిపోయింది. కౌన్సెలరు చిన్న వయసుదే, ఎప్పుడూ జలుబు. మాటకొకసారి ముక్కు తుడుచుకుంటుంది. మైకక్క కుర్చీని తలుపుకి ఎదురుగా జరుపుకుని మరీ కూర్చుంది. "అలాగే కూర్చోండి" అంది కౌన్సెలరు, ఏమీ అడక్కుండా.

మొదటిసారి చేసిన వైద్యం బెడిసికొట్టింది. ఆ రోజు జరిగినదాన్ని తలుచుకుంటూ, రెండు చేతులతో రెండు మోకాళ్ళ మీద కుడి, ఎడమ, కుడి, ఎడమ అని తట్టుకుంటూ పోవాలి. భయంతో గడ్డకట్టిన జ్ఞాపకం అలా మెల్లగా కదులుతుందని, జరిగిపోయినవాటిలోకి వెళ్ళి చేరుతుందని కౌన్సెలరు చెప్పింది. తడి దుప్పటిని అలాగే మడతపెడితే ముక్కిపోతుంది, విప్పి ఆరబెట్టాలి, అంతేగా అనుకుంది మైకక్క. కానీ తట్టడం మొదలుపెట్టిన కాసేపటికే కళ్ళముందు తెల్లబడిపోయింది. ఇంటికొచ్చి రాయిలా కూర్చుంది. ఎదురుగా పాలు పొంగి పొయ్యంతా పారుతుంటే చూస్తూ ఉండిపోయింది.

"తొందరపడింది నేను" అంది కౌన్సెలరు మరుసటిసారి. "గుమ్మంలో కాపలా ఉన్నవాళ్ళని అడక్కుండా లోపలికి తోసుకొచ్చాను. ఈసారి ముందు వాళ్ళతో మాట్లాడదాం. వాళ్ళు సరేనంటేనే జ్ఞాపకం దగ్గరికి."

"కాపలా ఎవరు మేడమ్?"

"మీరు విచారణలో చెప్పాలనే అనుకుంటున్నారు కదా. మరి ఆపుతున్నదెవరు?"

"ఎవరేంటి, నేనే."

"చెప్పాలనేదీ మీరే, ఆపేదీ మీరేనా?"

"మా సంఘంలోనూ అంతే. సమ్మె చేద్దామనేదీ మావాళ్ళే, వద్దు మొర్రోమనేదీ మావాళ్ళే."

"అదే మరి!" కౌన్సెలరు ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "లోపల కూడా ఒక్కరే ఉండరండీ. ఎవరెవరున్నారో చూద్దామా?"

మనుషులని కూడగట్టడం ఆమెకి కొత్త కాదు. ముందుగా లీడరు కనిపించింది, నడుం మీద చెయ్యేసుకుని. తర్వాత మరకలు చూసేది. లాండ్రీలో ఉతికిన దుప్పటిని ట్యూబులైటుకి ఎత్తిపట్టి, ఆవగింజంత మచ్చ కనపడినా మళ్ళీ ఉతుక్కి విసిరేసే మనిషి ఒకరుంటారు. లోపలున్నదీ అచ్చం అలాంటిదే. పొద్దస్తమానం మైకక్కనే ఎత్తిపట్టి చూస్తూ, "పిలిస్తే వెళ్ళలేదు. నువ్వూ ఒక మనిషివేనా, నీకో సంఘమా!" అని విసిరికొడుతుంది. ఇంకొకతను బాయిలరు గదిలో ఉంటాడు. ఒత్తిడి పెరిగిందంటే మెయిను ఆపేస్తాడు. గొంతు ఆపేసేది అతనే, పాలు పొంగుతుంటే చూస్తూ ఉండిపోయేలా చేసిందీ అతనే.

"ఆయన మీద కోపంగా ఉందా?" అంది కౌన్సెలరు.

"ఎందుకూ? ఆపకపోతే పేలిపోదూ! అతని పని అతను చేశాడు." అనేశాక తనే నోరు వెళ్ళబెట్టింది. ఇన్నాళ్ళూ తన గొంతుని తిట్టుకుంటూనే ఉంది మరి.

"ఇంకెవరైనా ఉన్నారా?"

ఉంది. బల్ల కింద, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని. మైకక్క మొహం తిప్పేసుకుంది. "అది మా మనిషి కాదు."

"ఇంట్లో తీరిక చూసుకుని వీళ్ళందరినీ ఓసారి పలకరించి రండి" అని కౌన్సెలరు పంపించింది. అక్కడే వచ్చింది తంటా. పలకరించడమంటే మైకక్కకి తెలిసిన పద్ధతి ఒక్కటే. ఆదివారం డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య సర్వసభ్య సమావేశం పెట్టింది. అధ్యక్షత లీడరుది. పైకే మాట్లాడుతోందని ఆమెకి తెలియదు. ఎండిన బట్టలు తీయడానికి పైకొచ్చిన మొగుడు చాటున నిలబడి కాసేపు విన్నాడు. చివరికి ఉండబట్టలేక, "లీడరమ్మా, సభకి సరిపడా మంది వచ్చారా?" అన్నాడు.

"వచ్చారు. నువ్వు సభ్యుడివి కాదు, కిందికి పో."

"చొక్కా తీసుకుని పోతా. తీర్మానం నా మీద కాదు కదా?"

తీర్మానం ఆయన మీద కాదు. మరుసటి వారం కౌన్సెలరు ముందు కూర్చుని ఆమె చాలా రోజుల తర్వాత మొహం వెలిగిపోతుంటే చెప్పింది. "అయిపోయింది మేడమ్. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అన్నిటికీ అడ్డుపడుతున్నది ఆ బల్ల కిందదేనని తేలింది. దాన్ని తీసేశాం."

"తీసేశారా?"

"చేతులెత్తించాను. లీడరు ఎత్తింది, మరకలది రెండు చేతులూ ఎత్తింది. బాయిలరు ఆయన ఎటూ చెప్పలేదు. మెజారిటీ మాదే."

కౌన్సెలరు నవ్వాపుకోవడానికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. జలుబు ఆ ఒక్కరోజు అక్కరకొచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "సభకి ఆవిడ్ని పిలిచారా?"

"ఎవర్ని?"

"బల్ల కింద ఉన్నావిడ్ని. ఆవిడ ఏమంది?"

ఇన్నేళ్ళూ మేనేజరు గది గుమ్మంలో నిలబడి మైకక్క అరిచిన సంజాయిషీ ముక్క వచ్చి తన ముందే నిలబడింది. లాండ్రీ గుమ్మం నుంచి ఒక్క మనిషిని వెళ్ళగొట్టనివ్వనిది, తన లోపల ఉన్నదాన్ని ఒక్క మాట అడక్కుండా పంపించేసింది. అదీ హాలంతటిలో అందరికంటే ఎక్కువ భయపడ్డదాన్ని.

"తప్పు జరిగింది మేడమ్" అంది చివరికి, సంఘం మాటల్లోనే. "మళ్ళీ తీసుకోవాలి."

తీసుకుంటామనగానే వచ్చే మనిషా అది? కళ్ళు మూసుకుని ఎన్నిసార్లు పిలిచినా బల్ల కింద ఉన్నది తల ఎత్తలేదు. ఒక రోజు కౌన్సెలరు గదిలో ఉన్నట్టుండి బల్ల కింది నుంచి చప్పుడు లేకుండా ఒక మాట వినిపించింది. నీకు కావలసింది తాళం. అది చెప్పేశాక నాతో నీకేం పని?

నిజమే. విచారణ గడువు దగ్గరపడుతోందనే మైకక్క ఇక్కడికి వస్తోంది. సాక్ష్యం కోసమే దాన్ని పిలుస్తోంది.

"విచారణలో చెప్పకపోయినా ఆవిడ మీతో ఉండొచ్చా?" అని అడిగింది కౌన్సెలరు. "తొందరేం లేదు. నిజంగా అనిపిస్తేనే చెప్పండి. ఉత్తినే అంటే ఆవిడకి తెలిసిపోతుంది."

ఉత్తినే అనగలిగే మాట కాదది. సాక్ష్యం లేకపోతే పిన్నే కంగారుపడి తన చావు తను తెచ్చుకున్నట్టు రాసేస్తారు. రేపు ఇంకో లాండ్రీలో ఇంకో తలుపుకి తాళం పడుతుంది. ఇదంతా తెలిసి కూడా ఆమె సంఘం అధ్యక్షుడిని ఇంటికి పిలిపించింది.

"అన్నా, నా గొంతు వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే ఈడ్చి తెప్పించను. నన్ను నమ్ముకుని కూర్చోవద్దు. ఇంకేదైనా దారి చూడు."

"అదేంటక్కా! నువ్వే ఇలాగంటే..." ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. "పిన్నికి ఏం సమాధానం చెప్తాం?"

"పిన్నికి నేను చెప్పుకుంటాలే. నువ్వు టీ తాగు."

ఆయన తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆమె తలుపేసి వచ్చి వంటింటి బల్ల కిందికి దూరింది. ఊహలో కాదు, నిజంగానే. చోటు సరిపోలేదు, నడుం పట్టేసింది, అయినా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "తాళం సంగతి అడగను. నువ్వు చెప్పకపోయినా సరే. నువ్వుండు, చాలు" అంది లోపలికి. బాయిలరు మనిషి మెయిను మీద చెయ్యేసి చూశాడు గానీ ఆపలేదు. మరకలు చూసేది దుప్పటి కిందికి దించింది. చాలాసేపటికి పక్కన ఎవరో భుజానికి ఆనుకున్నట్టయింది.

మొగుడు వ్యాను ఆపి లోపలికొచ్చి, బల్ల కింద కాళ్ళు చూశాడు. పొయ్యి వెలిగించాడు. "టీ కిందికే తేనా, పైకొచ్చి తాగుతావా?" అన్నాడు.

"కిందికే తే. ఇద్దరికి."

"నాకు చోటేదే అక్కడ?"

"నీకు కాదు."

ఆయన రెండు గ్లాసులూ కింద పెట్టి, తన గ్లాసు పట్టుకుని బల్ల పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాతే కౌన్సెలరు మళ్ళీ మోకాళ్ళ మీద తట్టడం మొదలుపెట్టించింది. ఈసారి ఒక్కొక్కరినీ అడిగి, ఒప్పించి. ఆపమంటే ఆపేలా మెయిను పక్కనే బాయిలరు మనిషిని కూర్చోబెట్టి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆవిరి కమ్మింది. బల్ల కింద ఉన్నది వణికింది. మునుపు ఆ వణుకు చూసి మొహం తిప్పుకున్న మైకక్క ఈసారి దాని పక్కన కూర్చుంది. ఆగారు, నీళ్ళు తాగారు, మళ్ళీ మొదలుపెట్టారు. పిన్ని పిలుపు వినపడినచోట భోరుమని ఏడ్చింది. గోడ మీదున్న దవడ బొమ్మ కూడా కదిలేంత ఏడుపు. పక్క గదిలో నర్సు తలుపు తోసి చూసింది. ఇలా కొన్ని వారాలు నడిచింది. భయం పోలేదు. కానీ అది రోజూ ఇప్పుడే జరుగుతున్నట్టు ఉండడం మానేసి, జరిగిపోయిందన్న చోటికి వెళ్ళి కూర్చుంది. ఒక రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ, బల్ల కింద ఉన్నదే అంది. చెప్తాను. కానీ నేనే చెప్తాను, ఆ లీడరు కాదు.

విచారణ రోజున వరండాలో పిన్ని కూతురు ఎదురైంది. వాళ్ళమ్మ లాగే సన్నగా, వాళ్ళమ్మ లాగే కనుబొమలు ముడిచి.

"అత్తా, మంచినీళ్ళు తెచ్చాను. గొంతు పట్టేస్తే తాగు."

మైకక్క ఆ సీసా పుచ్చుకోలేదు. "అమ్మాయ్, లోపల నేనొక మాట చెప్తాను. అది విన్నాక నాతో మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు. ముందే చెప్పాల్సింది. చేతకాలేదు."

ఆ పిల్ల ఏదో అడగబోయింది. ఇంతలో పిలుపొచ్చింది.

గదిలో పొడుగాటి బల్ల. అటు అధికారి, ఒక పక్క యాజమాన్యం లాయరు. వెనక కుర్చీల్లో సంఘంవాళ్ళు. గొట్టం పగిలిన దాకా మైకక్క తన మామూలు గొంతుతోనే చెప్పింది. టైపు చేసేవాడు ఉలిక్కిపడి తల ఎత్తాడు కూడా. ఆ తర్వాత ఆగింది. ఒక చెయ్యి ఒక మోకాలి మీద, ఇంకో చెయ్యి ఇంకో మోకాలి మీద పెట్టుకుని మెల్లగా తట్టుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరు.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు అధికారి.

వెనక ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆమెని గట్టిగా మాట్లాడమన్న మొదటి మనిషి ఆయనే.

"ఇది ఇంతే మాట్లాడుతుంది సార్. తమరే దగ్గరికి జరగండి." ఆయన జరిగాడు. "నేను పడిపోలేదు. భయమేసి బల్ల కిందికి దూరాను. ఆవిరి పైకి పోతుంది కదండీ. పైనంతా తెలుపు. నేల దగ్గర మాత్రం జానెడు ఎత్తు ఖాళీ. అందులోంచి కనిపించింది. తలుపు అడుగున గడియ, దానికి తాళం. ఇత్తడిది. పిన్ని కాళ్ళు కనిపించాయి. కిందికి వంగింది. తాళం చేతికి కాలుతుంటే దుప్పటి కొస చుట్టుకుని లాగింది. నన్ను పిలిచింది. 'ఒసేయ్, రావే, ఓ పట్టు పట్టు' అంది. నేను వెళ్ళలేదు."

లాయరు గొంతు సవరించుకున్నాడు. కటువైన మనిషేం కాదు, తన పని తను చేస్తున్నాడు. "అంత భయంలో ఉన్న మనిషికి, తాళం ఇత్తడిదని కూడా గుర్తుంటుందా?"

"భయపడ్డాను కాబట్టే కింద ఉన్నానండీ. నిలబడి ఉంటే నాకూ ఏమీ కనపడేది కాదు."

ఆయన ఏదో రాసుకున్నాడు. అప్పుడు వెనక కుర్చీల్లోంచి పిన్ని కూతురు లేచింది. కూర్చోమని పక్కవాళ్ళు చెయ్యి లాగినా కూర్చోలేదు.

"మా అమ్మ గుప్పిట్లో దుప్పటి ముక్క ఉంది సార్. ఆసుపత్రిలో వేళ్ళు విప్పి తీసి నాకిచ్చారు. అదెందుకు పట్టుకుందో ఇన్నాళ్ళూ నాకు తెలియదు."

అధికారి ఆ మాట కూడా రాయించాడు. ఫలితం కొన్ని నెలలకి వచ్చింది. తాళం ఉండడమే పిన్ని చావుకి కారణమని తేల్చారు. వెనక తలుపు రెక్కలకి గడియలే లేకుండా తీయించారు. ఇంకా చేయాల్సింది కొండంత ఉందని సంఘం అంటూనే ఉంది, అది వేరే కథ. మైకక్కకి తేలాల్సింది ఆ గదిలో కాదు, బయట మెట్ల మీద ఉంది.

ఆ రోజు విచారణ ముగిశాక ఆ పిల్ల మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. మైకక్క ఒక మెట్టు కిందగా కూర్చుంది. వెళ్ళమంటే వెళ్ళిపోదామని.

"నువ్వు వెళ్ళుంటే తాళం ఊడేదా?"

"తెలియదమ్మా. ఊడేదేమో. నేనూ పోయేదాన్నేమో. రోజూ రెండూ అనుకుంటాను."

"నాకు నీ మీద కోపంగా ఉంది."

"ఉంటుంది మరి."

"రేపూ ఉంటుంది. చెప్తున్నా."

"ఉండనీ. దాన్ని ఎక్కడికీ తోలెయ్యకు. నా దగ్గరికే తీసుకురా, పడతాను."

ఆ పిల్ల మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలాయి. మైకక్క ముట్టుకోలేదు. ఓదార్చడానికి నోటిదాకా వచ్చిన మాటలని కూడా అలాగే ఉంచేసింది. మెట్ల కింద ఎవరిదో స్కూటరు ఎంతకీ స్టార్టవక మొరాయిస్తోంది. అది స్టార్టయి వెళ్ళిపోయాక, ఆ పిల్ల మొహం తుడుచుకుని అడిగింది.

"ఆ రోజు పొద్దున్న అమ్మ ఏం మాట్లాడింది? నేను పడుకునే ఉన్నాను. నాకు చెప్పకుండా పనికి వెళ్ళిపోయింది. నీతో ఏమంది?"

విచారణలో ఎవరూ అడగని ప్రశ్న అది. వాళ్ళకి కావలసింది తాళమే. మైకక్క కూడా ఇన్నాళ్ళూ ఆ పొద్దుటి దాకా వెళ్ళలేదు. మధ్యాహ్నం దగ్గర ఆపేసిన మెయిను, దాని వెనకున్న పొద్దుటిని కూడా చీకటి చేసేసింది. ఇప్పుడు వెతుక్కుంటే ఉంది. లాండ్రీ గేటు, చేతిలో డబ్బా, గొణుక్కుంటూ వస్తున్న పిన్ని.

"నిన్నే తిట్టింది."

"నన్నా?"

"నిన్నే. 'దాని చెప్పులు తెగాయని నా చెప్పులు దాచిపెట్టింది, సెలవు పెట్టి ఎక్కడికో తిరగాలట దొరసాని' అంది. ఆవిడ కాళ్ళకేముందో చూద్దును కదా, మీ నాన్న బూట్లు! తాళ్ళు లేవు. టపటపా కొట్టుకుంటూ నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు."

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. "అవి నాన్నవి కావు. మామయ్యవి."

"ఎవరివైతేనేం, పెద్ద పడవలు! ఉండు, వరసగా చెప్పనీ. బల్ల దగ్గరికొచ్చాక ఏం చేసిందంటే..."

"ఇంకొంచెం ముందునుంచి చెప్పు" అంది పిన్ని కూతురు, ఒక మెట్టు కిందికి జరిగి కూర్చుంటూ. "గేటు కంటే ముందునుంచి."